పిన్ని కారుకు చలికాలపు చక్రాలు

ఆ రోజు ఇంట్లో నాన్న ఉన్నాడు, నానమ్మ ఉంది, ఇన్స్‌బ్రుక్ నుంచి వచ్చిన రోస్విథా పిన్ని ఉంది, మంచు తోసే బండి నడిపే ఎంగెల్‌బెర్ట్ మామ సూప్ తాగడానికి వచ్చాడు, నేను ఉన్నాను. పొయ్యి వెనక పిల్లి కూడా ఉంది. అమ్మ లేదు. అమ్మ చర్చి వెనక రెండో వరసలో ఉంది. సకల పరిశుద్ధుల పండుగ కాబట్టి పొద్దున్నే వెళ్ళి ఆమె దగ్గర ఎర్ర గాజు దీపాలు పెట్టి వచ్చాం.

పిన్ని అమ్మకు చెల్లెలు. నా బాప్తిస్మం నాటి జ్ఞానతల్లి కూడా ఆమే. అందుకని ప్రతి ఏడూ ఈ పండుగకు నాకు జడలా అల్లిన తీపి రొట్టె తెస్తుంది. ఈసారి రొట్టెతో పాటు ఒక కబురు తెచ్చింది. పట్నంలో యంత్రాల పని నేర్పే బడి ఒకటుంది. అందులో ఒక పిల్ల చదువు మానేసిందట. ఆ చోటు నాకిస్తారట. సోమవారం తొలి గంటకు నేను అక్కడ ఉండాలి, లేకపోతే వరసలో నా వెనకున్న పిల్లకు ఇచ్చేస్తారు. పిన్ని ఇంట్లోనే ఉండి చదువుకోవచ్చు.

ఈ మాట పిన్ని సమాధి దగ్గర అంది. నానమ్మ ముందు, పాదిరి గారి ముందు, సగం ఊరి ముందు. ఇంట్లో అయితే నాన్న వద్దనేవాడు. అక్కడ అనలేకపోయాడు. వంగి దీపం మూత సరిచేశాడు. లేచి, లోయ పై అంచు వైపు చాలాసేపు చూశాడు.

"సరే. ఇవాళ నీ బండిలో ఎక్కించుకుని తీసుకెళ్తే తీసుకెళ్ళు," అన్నాడు. "నేను దింపను. ఇంకో రోజు వచ్చి అడిగితే ఒప్పుకోను."

"ఇవాళే తీసుకెళ్తా బావా. నువ్వు మాట మీద ఉండు చాలు."

"నేను మాట తప్పిన రోజు ఉంటే చెప్పు."

ఆ అంచు మీద నాన్న ఏం చూశాడో మధ్యాహ్నం బార్లీ సూప్ తాగేటప్పుడు తెలిసింది. కిటికీ బయట మంచు మొదలైంది. ముందు సన్నగా పడింది. తర్వాత ఎదురింటి కప్పు కనబడకుండా పోయింది.

తలుపు తోసుకుని ఎంగెల్‌బెర్ట్ మామ వచ్చాడు. టోపీ దులిపి, బల్ల దగ్గర కూర్చుని, నానమ్మ ఇచ్చిన గిన్నె రెండు చేతులతో పట్టుకున్నాడు.

"కింద ఇరుకు దారి దగ్గర పోలీసులు నిలబడ్డారు. ఒక్కో బండి దగ్గరా వంగి టైర్లు చూస్తున్నారు. వేసవి టైర్లయితే వచ్చిన దారినే వెనక్కి పొమ్మంటున్నారు. బయట ఆ బూడిద రంగు కప్ప కారు ఎవరిది?"

"నాది," అంది పిన్ని.

"అయ్యో. కప్పలు చలికాలం నిద్రపోతాయి కదమ్మా!"

"రేపటి నుంచి నిద్రే మామా. గ్యారేజీలో చోటు కూడా తీసుకున్నా. ఇవాళ ఒక్కరోజే, ఆఖరిసారి అని తీశా."

అక్టోబరు నుంచి ఈస్టరు దాకా మంచు మీద జారని చలికాలపు చక్రాలు వేసుకోవాలని మా లోయలో పాలు తాగే పిల్లలకు కూడా తెలుసు. కాని పిన్ని స్పోర్ట్స్ కారు ఎప్పుడూ మంచు చూడలేదు. దానికి చలికాలపు చక్రాలే లేవు. ఉన్నవి వేసవివి. ముందు రెండూ సన్నవి, వెనక రెండూ వెడల్పువి. అలాంటివి ఇప్పుడు తయారు కావడం లేదని వచ్చినప్పుడల్లా చెబుతుంది. పళ్ళు తోముకునే బ్రష్‌తో వాటి చువ్వల సందులు కడుగుతుంది. ఒకసారి నాన్న చూసి, "మొగుణ్ణి కూడా ఇంత శ్రద్ధగా చూసుకుని ఉంటే నిలిచేవాడు," అన్నాడు. పిన్ని ఆ ఏడాదంతా మా ఇంటికి రాలేదు.

"నాకు రేపు పొద్దున్నే ఆసుపత్రిలో డ్యూటీ ఉంది," అంది పిన్ని ఇప్పుడు. "బావా, ఈ లోయలో టైర్లకి దేవుడివి నువ్వే. ఏవో నాలుగు చక్రాలు చూసి పెట్టు."

"ఏవో నాలుగు పెడితే బండి నడవదు," అన్నాడు నాన్న. "సరిపోవాలి."

"అయితే సరిపోయేవి చూడు. దీనికి సంచి కూడా సర్దేశాం."

నా సంచి మెట్ల దగ్గరే ఉంది. నేను దాని వైపు చూడలేదు. చూస్తే నాన్న కూడా చూస్తాడని భయం.

ఇంటి పక్క షెడ్డే నాన్న పనిచోటు. చలికాలపు చక్రాలు మార్చుకున్నవాళ్ళు తమ వేసవి చక్రాలు మా దగ్గరే వదిలి వెళ్తారు, ఈస్టరుకు వచ్చి తీసుకుంటారు. లోయలో సగం మందివి మా దగ్గరే ఉంటాయి. ఏ చక్రం ఎవరిదో, బండికి ఏ మూలదో సుద్దతో రాసే పని నాది. నేను నోటితో మాట్లాడేదానికంటే సుద్దతో రాసేదే ఎక్కువ. నా పేరు బుర్గి అయినా, వచ్చేవాళ్ళు నన్ను "కాసియాన్ గారి మూగపిల్ల" అంటారు. నాన్న కాదనడు.

పిన్ని కారును షెడ్డులోకి తెచ్చింది. నాన్న జాకీ పెట్టి లేపి, ముందు చక్రం విప్పాడు. లోపల బ్రేకు కనబడింది. ఎర్రగా, లావుగా, మామూలు కార్ల బ్రేకుకు రెండింతలుంది.

"ఇదీ సమస్య," అన్నాడు నాన్న. "బోల్టు రంధ్రాలు సరిపోయే చక్రాలు బోలెడున్నాయి. ఈ బ్రేకు బుర్రను లోపల ఇముడ్చుకునేవి ఉండాలి కదా. అమ్మా, కాస్త పిండి పంపించు!"

నానమ్మ రొట్టె పిండి ముద్ద తెచ్చింది. ఇది మా ఇంటి పద్ధతి. పిండిని చిటికెడు తుంచి బ్రేకు మీద అంటిస్తారు. దాని మీద చక్రం బిగించి, చేత్తో ఒక చుట్టు తిప్పి, మళ్ళీ విప్పుతారు. పిండి ఎంత మందాన మిగిలితే చక్రానికీ బ్రేకుకూ మధ్య అంత సందు ఉన్నట్టు. పిండి చినిగిపోతే ఆ చక్రం పనికిరాదు.

"నా పండగ రొట్టెలన్నీ మీ చక్రాలే తింటున్నాయి," అంది నానమ్మ.

ముందు కసాయి కొట్టాయన వదిలేసిపోయిన పాత బండి చలికాలపు చక్రాలు నాన్న తెచ్చాడు. అదే కంపెనీ, రంధ్రాలు అయిదూ సరిగ్గా కూర్చున్నాయి. తిప్పితే గీరుకున్న చప్పుడొచ్చింది. విప్పితే పిండి లేదు, బ్రేకు మీద తడి మరక మాత్రం ఉంది.

రెండో జత బ్రేకును దాటింది. కాని చక్రం మరీ బయటికి వచ్చి కూర్చుంది. స్టీరింగ్ తిప్పితే టైరు మడ్‌గార్డు అంచును కోసుకుంటోంది. ఎంగెల్‌బెర్ట్ మామ అది చూసి, "లంగా ఎత్తి నడవాల్సిందే," అన్నాడు. పిన్ని నవ్వలేదు.

మూడో జత అన్ని విధాలా సరిపోయింది. నాన్న టైరును వంచి చూపించాడు. రబ్బరు ఎండిన బురదలా నెర్రెలు విచ్చి ఉంది. "ఇది మంచు మీద పట్టుకోదు. గాజు పలక మీద పళ్ళెంలా జారుతుంది. నా షెడ్డు నుంచి ఇలాంటివి బయటికి పంపను."

నాన్న అబద్ధం చెప్పలేదు. చూపించినవన్నీ నిజంగానే పనికిరావు. చేతులు గుడ్డతో తుడుచుకుని, "ఇంతే. ఇంకేం లేవు," అన్నాడు.

అదొక్కటే అబద్ధం.

పిన్ని చెక్కపెట్టె మీద కూర్చుండిపోయింది. "మరి నేనెలా పోవాలి?"

"రాత్రికి పడుకో. రేపు ఎంగెల్‌బెర్ట్ ఇరుకు దారి దాకా దింపుతాడు. అక్కణ్ణుంచి రైలు స్టేషనుకు బస్సు ఉంటుంది. బండి ఇక్కడుంటుంది, మంచు కరిగాక వచ్చి తీసుకో."

"దీన్ని ఇక్కడ వదిలేసా? నువ్వేం మాట్లాడుతున్నావు బావా! అయినా డ్యూటీ పొద్దున్నే అన్నాను కదా. మరి బుర్గి?"

"నీ బండిలో, ఇవాళ అన్నాను," అన్నాడు నాన్న.

అప్పుడు నా గొంతు నాకే వినబడింది. "అటక మీద ఉన్నాయి."

నలుగురూ నా వైపు తిరిగారు. అయినా ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలుపెట్టలేనని తెలుసు.

"పైన హోటళ్ళ ఊళ్ళో ఉండే పళ్ళ డాక్టరు గారివి. పిన్ని కారు లాంటిదే ఆయన కారు. మూడు చలికాలాలే తిరిగాయి. నాలుగూ ఒకే వెడల్పు, వెనకవి కూడా సన్నవే. మంచుకు సన్నవే మంచివి కదా. ఆయన కారు అమ్మేసుకుని వెళ్ళిపోయాడు."

నాన్న నన్ను చూడలేదు, పానా వైపు చూశాడు. "అవి మనవి కావు."

"మూడు ఈస్టర్లు దాటినా ఎవరూ రాకపోతే మనవేనని గోడ మీద నువ్వే రాయించావు. నేనే రాశాను."

ఎంగెల్‌బెర్ట్ మామ తొడ మీద చరుచుకున్నాడు. "ఓరి నాయనో! మూగపిల్ల నోరు తెరిస్తే నీ కొట్టంలో ఎలకలు కూడా లెక్క తేలేలా ఉన్నాయిరా కాసియాన్!"

"దింపు," అంది నానమ్మ. "పిల్ల అడిగింది. దింపరా."

నాన్న కదలలేదు. నేనే నిచ్చెన ఎక్కాను. ఒక్కో చక్రాన్ని తాడుకు కట్టి దించాను. పిన్ని కింద అందుకుంది, నా పేరు పిలుస్తూ, "జాగ్రత్తే తల్లీ, జాగ్రత్తే నా బంగారం," అంటూ. పిండి నేనే అంటించాను. రెండుసార్లు కింద పడింది, మళ్ళీ అంటించాను. చక్రం ఎక్కించి, బోల్టులు చేత్తో బిగించి, తిప్పాను. చప్పుడు లేదు. విప్పి చూస్తే పిండి మీద పలచగా ఒక నొక్కు పడింది. మిగిలిన పిండి నా గోరంత మందం ఉంది.

నాన్న వంగి చూశాడు. వేలితో పిండిని తీసి నలిపి, "సరిపోయింది," అన్నాడు. ఆ మాట అనకుండా ఉండలేడు. కొలత విషయంలో నాన్న అంతే.

పిన్ని నన్ను గట్టిగా పట్టుకుంది. ఆమె కోటు మంచు వాసన వేసింది. "చూశావా బావా, దీన్ని ఇక్కడ సుద్దముక్క పట్టించి కూర్చోబెట్టావు!"

మిగతావి నాన్న బిగించాడు. ప్రతి బోల్టూ టక్కుమనేదాకా కొలత పానాతో తిప్పాడు. నేను పరుగెత్తి సంచి తెచ్చాను. ఆ కారుకు సామాను డొక్క ముందు ఉంటుంది, సంచి అందులో పట్టింది. రొట్టెను పక్క సీటు మీద పెట్టాను, అది నా చోటు కాబట్టి. నానమ్మ కళ్ళు తుడుచుకుని, పొగబెట్టిన మాంసం గుడ్డలో కట్టి ఇచ్చింది.

నాన్న కారును కిందికి దించాడు. జాకీ పక్కన పెట్టాడు. అప్పుడు షెడ్డు నేల మీద వరసగా పడుకున్న వేసవి చక్రాలను చూపించాడు.

"మరి ఇవి?"

పిన్ని నవ్వింది. "ఇవేంటి, ఈస్టరుకు వచ్చి తీసుకుంటా. అందరివీ ఉంచుతావుగా."

"అందరివీ ఉంచుతాను. నీవి ఉంచను."

"బావా!"

"నా పిల్లను తీసుకుపోతున్నావు. తీసుకుపో, మాటిచ్చాను. మాట పిల్ల గురించి ఇచ్చాను, చక్రాల గురించి ఇవ్వలేదు. నీ బోల్టు ఒక్కటి కూడా నా నేల మీద ఉండదు."

అప్పుడు అర్థమైంది నాకు. ఈ షెడ్డులో ఇంతమంది మధ్యాహ్నం నుంచి రంధ్రాలు చూశాం, సందులు చూశాం, పిండి నలిపి చూశాం. కొత్తవి ఎక్కితే పాతవి ఎక్కడికి పోతాయో ఎవరూ చూడలేదు. మా ఇంట్లో పాతవి ఎప్పుడూ అటక మీదికే పోతాయి. నాన్న ఒక్కడే చూసినట్టున్నాడు. నేను అటక మీదివి దింపుతుంటే అడ్డుపడనప్పుడే చూశాడేమో.

"కోళ్ళ గూట్లో పెట్టిస్తానులే," అంది నానమ్మ.

"గూడు నాది."

"అయితే చర్చి వసారాలో. పాదిరి గారు కాదనరు."

"వసారాలోనా?" అంది పిన్ని. "వచ్చేపోయే వాళ్ళంతా చూస్తారు అత్తయ్యా. తెల్లారేసరికి ఒక్కటన్నా మిగులుతుందా? ఇవి ఇప్పుడు దొరకవు, ఎంత ఇస్తానన్నా దొరకవు."

నేను ఎంగెల్‌బెర్ట్ మామ వైపు చూశాను. ఆయనకు కొట్టం ఉంది, తాళం ఉంది. ఒక్క మాట అంటే చాలు. ఆయన నాన్న ముఖం చూశాడు. టోపీ పెట్టుకున్నాడు. "రోడ్డు మళ్ళీ మూసుకుపోయి ఉంటుంది. నే వస్తా," అని బండి ఎక్కి వెళ్ళిపోయాడు.

పిన్ని, నేను చక్రాలు మోశాం. ఆ కారు వెనక సీట్లు పిల్లి కూర్చోవడానికి తప్ప పనికిరావు. ముందు చక్రాలు రెండూ అక్కడ కూరాం. మిగిలినవి వెనకవి, వెడల్పువి. నా సంచి తీసి ముందు డొక్కలో ఒకటి దించి చూశాం. సగం దిగి అంచు దగ్గర ఆగిపోయింది, మూత పడదు.

"నేను ఒళ్ళో పెట్టుకుంటా పిన్నీ," అన్నాను. "ఒకటి కాళ్ళ దగ్గర, ఒకటి ఒళ్ళో."

కూర్చున్నాను. కాళ్ళ దగ్గర చక్రం పెడితే మోకాళ్ళు ఛాతీకి వచ్చాయి. రెండోది ఒళ్ళోకి ఎత్తారు. దాని అంచు నా గడ్డాన్ని పైకి నెట్టింది. ఊపిరి బిగబట్టి, "సరిపోయింది," అన్నాను. నాన్న తలుపు మెల్లగా తోసి చూశాడు. అది రబ్బరుకు తగిలి ఆగింది. ఇంకోసారి తోశాడు.

"సరిపోదు," అన్నాడు. కసాయి కొట్టాయన చక్రాలప్పుడు ఏ గొంతుతో అన్నాడో అదే గొంతుతో.

దిగాను. మంచు షెడ్డు గుమ్మం దాకా వచ్చింది. పిన్ని చక్రాల వైపు చూసింది. నా వైపు చూసింది. మళ్ళీ చక్రాల వైపు చూసింది. ఆ మూడో చూపుతో నాకు తెలిసిపోయింది.

"వచ్చే శనివారం వస్తానే," అంది. "బడికి నేను ఫోన్ చేసి మాట్లాడతాగా. ఒక్క వారం ఆగమంటే ఆగరా ఏంటి?"

"సోమవారం అన్నావు కదా పిన్నీ."

"అన్నాననుకో. మాట్లాడతానన్నాను కదే. అంత మొహం పెట్టకు."

"ఇంకో రోజు ఒప్పుకోనని చెప్పాను," అన్నాడు నాన్న.

"నీకు గుండె ఉందా బావా? కన్నబిడ్డ మీద ఇంత కసా?" అంది పిన్ని. నిజంగానే ఏడుపుగొంతుతో అంది. కాని ఆమె చేతులు అప్పటికే సీటు మీద దుప్పటి పరుస్తున్నాయి, తోలు మీద గీత పడకుండా.

"రోస్విథా," అంది నానమ్మ. "వాటిని మీ అక్క మీద ఒట్టేసి నా మంచం కింద దాచుకుంటాను. పిల్లను తీసుకుపోవే."

"మీ మంచం కిందంటే ఆయన ఇల్లే కదా అత్తయ్యా. రేపు పొద్దున కాలవలో ఉంటాయి."

నానమ్మ లోపలికి వెళ్ళిపోయింది.

చక్రాలు ఎక్కించడానికి నాన్న సాయం పట్టాడు. ఒకటి కాళ్ళ దగ్గర నిలబెట్టాడు, ఒకటి సీటులో ఒరిగించి కూర్చోబెట్టాడు. ఎంత నేర్పుగా పెట్టాడంటే ఎక్కడా ఏదీ తగల్లేదు. పిన్ని కారు స్టార్టు చేస్తే అది కీచుకీచుమని అరవడం మొదలుపెట్టింది. సీటులో బరువు ఉంది కాబట్టి ఎవరో ఉన్నారనుకుంటుంది, బెల్టు పెట్టుకోమంటుంది. పిన్ని వంగి బెల్టు లాగి చక్రం మీదుగా తెచ్చి గుచ్చింది. అరుపు ఆగిపోయింది.

నా సంచి గోడ పక్కన ఉంది. రొట్టెను పిన్ని దుప్పటి పరిచేటప్పుడే నా చేతికిచ్చింది. అది మెత్తగా, ఒక పక్క నొక్కుకుపోయి ఉంది. తలుపు ఇంకా తెరిచే ఉంది. నేను ఆ తలుపు సందులో నిలబడ్డాను. కదలాలనిపించలేదు. నేను అక్కడే నిలబడి ఉంటే ఎవరో ఒకరు ఇంకేదైనా చెబుతారనిపించింది.

పిన్ని తన సీటులోంచి చెయ్యి చాపింది. చక్రం అడ్డు వచ్చి తలుపు అందలేదు. దిగి, కారు ముందు నుంచి చుట్టూ తిరిగి నా దగ్గరికి వచ్చింది. నా జుట్టు మీది మంచు దులిపింది. వంగి, టైరు అంచు తలుపుకు తగులుతుందేమోనని వేలు పెట్టి చూసుకుంది. సందు ఉంది.

"కాస్త జరుగమ్మా," అని నా భుజం పట్టుకుని ఒక అడుగు పక్కకు జరిపి, తలుపు వేసింది.